చెల్లని ఓట్లకు రీవెరిఫికేషన్ ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. పంచాయతీ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మీ జిల్లా పేజీల్లో ఒక ఫొటో ఖాయంగా ఉంటుంది. మెడ కనపడనన్ని దండలు, ముఖం నిండా గులాల్, పైన ‘ఒక్క ఓటుతో సర్పంచ్ పీఠం’ అని హెడ్డింగు. ఇంకో పక్క డ్రాలో గెలిచినాయన, చేతిలో చీటీతో. అందరం ఆసక్తిగా చదువుతాం. అయితే ఆ ఊళ్లో చెల్లకుండా పోయిన ఓట్లు ఎన్నో ఆ వార్తలో ఉండదు. ఒక్క ఓటు మెజారిటీ వచ్చిన చోట ఇరవై ఓట్లు చెల్లలేదంటే అసలు కథంతా ఆ ఇరవైలోనే ఉన్నట్టు. ఇకముందు మెజారిటీ పక్కన ఆ అంకె కూడా వేయండి, ఇది మీకు మనవి. రెండో మనవి మీ ద్వారా రాష్ట్ర ఎన్నికల సంఘానికి: గెలుపు తేడా కంటే చెల్లని ఓట్లు ఎక్కువున్న చోట వాటిని ఫలితం ప్రకటించే ముందే మళ్లీ పరిశీలించాలని. అది కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

నేను కరీంనగర్ వైపు ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. టీచరన్నాక ఎలక్షన్ డ్యూటీ తప్పదు. పీవోగా (ప్రిసైడింగ్ అధికారిగా) వెళ్లాను, కౌంటింగ్ సూపర్‌వైజరుగా వెళ్లాను, పంచాయతీ ఎన్నికల్లో స్టేజ్-2 ఆర్వోగా (రిటర్నింగ్ అధికారిగా) కూడా చేశాను. ఆ ఆర్వో అంటే పోలింగ్ జరిపించడం, ఓట్లు లెక్కపెట్టించడం, ఫలితం ప్రకటించడం, వెంటనే ఉప సర్పంచ్ ఎన్నిక పెట్టడం, అన్నీ ఒక్క మనిషి నెత్తి మీదే. ఈ ఉత్తరం ఆ టేబుల్ ముందు కూర్చున్న మనిషి రాస్తున్నది. ఏ పార్టీ వైపూ కాదు. మా ఇంట్లోనే రెండు పార్టీలున్నాయి, ఆ గొడవ నాకు చాలు.

2019 జనవరిలో తెలంగాణ పంచాయతీ ఎన్నికలు 21, 25, 30 తేదీల్లో మూడు విడతలుగా జరిగాయి. అందులో ఒక విడతలో నాకు పడిన ఊరి సంగతి చెబుతాను. ఊరి పేరు రాయను, అక్కడివాళ్లు ఇప్పటికీ ఆ విషయం మీద రెండుగా చీలే ఉన్నారు. పొద్దున ఏడింటి నుంచి ఒంటిగంట దాకా పోలింగ్, రెండింటి నుంచి ప్రైమరీ స్కూలు గదిలోనే కౌంటింగ్. సర్పంచ్ బ్యాలెట్ గులాబీ రంగు, వార్డు మెంబరుది తెలుపు. గులాబీ కాగితాలన్నీ డ్రమ్ములో పోసి కలిపి, ఇరవై ఐదేసి చొప్పున కట్టలు కట్టి, ఆ తర్వాత గుర్తుల వారీగా ట్రేల్లో వేయించాం. ఎటూ తేలనివి నా ముందున్న ట్రేలోకి వస్తాయి.

పంచాయతీ ఎన్నికలకు పార్టీలతో సంబంధం లేదని చట్టం చెబుతుంది. ఉంగరం గుర్తు వెనక ఏ పార్టీ ఉందో, కత్తెర వెనక ఏ పార్టీ ఉందో ఊళ్లో మూడో తరగతి పిల్లాడిని అడిగినా చెబుతాడు. గేటు బయట రెండు రంగుల కండువాలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. లోపల ఏజెంట్ల దగ్గర ఫోన్లు తీసేసుకున్నాం గానీ కిటికీలు తీసేయలేం కదా.

గీత మీద పడిన ముద్ర ఒకటి వచ్చింది. ముప్పాతిక భాగం ఉంగరం గడిలో ఉంది, కొస మాత్రం గీత దాటి కత్తెర గడిలోకి పోయింది. ఉంగరం ఏజెంటు లేచి నిలబడ్డాడు. “మేడం, ముద్ర ఎక్కువ ఎటు ఉన్నదో సూడుండ్రి. ఆ ముసలామె ఎవలకు ఎయ్యాలనుకున్నదో తెలుస్తనే ఉన్నది గదా” అన్నాడు. వేసింది ముసలామె అని అతనికెలా తెలుసో నేను అడగలేదు. కత్తెర ఏజెంటు బల్ల మీద చెయ్యి వేసి “రూలంటే రూలే మేడం, గీత దాటితే చెల్లది, అంతే” అన్నాడు.

పది నిమిషాలు కాలేదు, అచ్చం అలాంటిదే ఇంకొకటి వచ్చింది. ఈసారి ముప్పాతిక కత్తెర గడిలో. ఉంగరం ఏజెంటు “గీత దాటింది మేడం, పక్కన పెట్టుండ్రి” అన్నాడు. కత్తెర ఏజెంటు “మనిషి మనసుల ఏమున్నదో సూడాలె గదా మేడం” అన్నాడు. ఇద్దరి ముఖాల్లోనూ ఇంత కూడా మొహమాటం లేదు. నేను మొదటి బ్యాలెట్ తెప్పించి రెండోదాని పక్కన పెట్టాను. చెల్లితే రెండూ చెల్లాలి, లేదంటే రెండూ పోవాలి, ఏది కావాలో చెప్పమన్నాను. ఇద్దరూ నోరెత్తలేదు. రెండూ చెల్లుతాయని రాసి, ఎవరి కట్టలోది వాళ్ల కట్టలో వేయించాను.

చీకటి పడేసరికి ఉంగరానికి 412, కత్తెరకు 405 వచ్చాయి. నా ట్రేలో చెల్లనివి 23 మిగిలాయి. ఏడు ఓట్ల తేడా అనగానే కత్తెర వాళ్లు రీకౌంటింగ్ కావాలని కాగితం రాసిచ్చారు. చేయించాను. ఉంగరం కట్టల్లో ఒకదాంట్లో ఇరవై నాలుగే ఉన్నాయి. తేడా ఆరుకు దిగింది, ఫలితం మారలేదు. వాళ్లు శాంతించారా అంటే లేదు. వాళ్ల అనుమానం అసలు కట్టల మీద కాదు, నా ముందున్న ట్రే మీద. ఆ మాట మాత్రం కాగితంలో రాయలేదు. రాయాలని వాళ్లకు తెలియదు, తెలుసుకునేంత టైమూ ఎవరూ ఇవ్వరు. బయట అప్పటికే డప్పులు మొదలయ్యాయి.

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఈ తేడా బాగా తెలుసు. రీకౌంటింగ్‌కు 500 రూపాయలు కడితే వేసిన మార్కులు మళ్లీ కూడి చూస్తారు, అంతే. రీవెరిఫికేషన్‌కు 1000 కడితే పేపరు మళ్లీ తెరిచి, ఏ జవాబైనా దిద్దకుండా వదిలేశారా అని చూసి, జవాబు పత్రం జిరాక్స్ కూడా చేతికిస్తారు. సర్పంచ్ ఎన్నికల్లో మనవాళ్లంతా అడిగేది మొదటిది, మనసులో కోరుకునేది రెండోది. పదిహేనేళ్ల పిల్లకు ఉన్న ఆ సౌకర్యం అయిదేళ్లు ఊరిని నడిపే మనిషిని ఎన్నుకునే చోట లేదు.

ఇంతకీ ఆ 23లో ఏమున్నాయి? పదకొండు వేలిముద్రలు. ఆరు రెండేసి గుర్తుల మీద ముద్రలు. మూడు ఖాళీవి. రెండింటికి పెన్నుతో టిక్కు. ఒకదాని మీద చక్కగా సంతకం. వేలిముద్రల సంగతి మొదట నాకూ అర్థం కాలేదు. తర్వాత పోలింగ్ టేబుల్ దగ్గర జరిగే వరస గుర్తు చేసుకుంటే తేలిగ్గా తెలిసింది. చదువురాని మనిషి లోపలికి రాగానే మన సిబ్బందే ఆమె బొటనవేలు పట్టుకుని కౌంటర్‌ఫాయిల్ మీద వేలిముద్ర వేయిస్తారు. రెండు అడుగులు వేసి అట్ట చాటుకు వెళ్లగానే వేలికి ఇంకా తడి ఉంటుంది. ఇక్కడా అదే వేయాలనుకుని నచ్చిన గుర్తు మీద వేలు నొక్కి వస్తుంది. ఉంగరం మీద స్పష్టంగా, ఎటూ జరగకుండా పడ్డ వేలిముద్ర. ఆమె ఎవరికి ఓటేసిందో గుడ్డివాడికైనా తెలుస్తుంది. అయినా చెల్లదు.

చెల్లకపోవడమే న్యాయం అని కూడా అంటాను, ఎవరైనా కోప్పడినా సరే. వేలిముద్ర చెల్లుతుందంటే రేపు డబ్బులు పంచినవాడు ‘వేలు పెట్టి రా, చూసుకుంటా’ అంటాడు. ఓటు ఎవరిదో తెలియకూడదన్నది ఓటు ఎవరికో తెలియడం కంటే ముందు వస్తుంది. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు వర్తించే 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 56వది ఈ విషయాలన్నీ చెబుతుంది. ఓటరును గుర్తుపట్టే రాత గానీ గుర్తు గానీ ఉంటే చెల్లదు. ఇచ్చిన ముద్రతో కాకుండా వేరేదానితో వేస్తే చెల్లదు. ఇద్దరికి వేస్తే చెల్లదు. ఎవరికి వేశారో అనుమానం వచ్చేలా పడితే చెల్లదు. ఆ వెంటనే ఒక మినహాయింపు ఉంది, నాకు ఆ నిబంధనలో అన్నిటికంటే నచ్చే ముక్క అదే: ముద్ర మసకగా ఉందనో, ఒకటి కంటే ఎక్కువసార్లు పడిందనో మాత్రమే కొట్టేయకూడదు, ఫలానా అభ్యర్థికే వేయాలన్న ఉద్దేశం కాగితం మీద స్పష్టంగా కనిపిస్తే ఓటు చెల్లుతుంది. ఒకే గుర్తు మీద మూడుసార్లు గుద్దిన ఓట్లు మాకు చాలా వస్తాయి. అభిమానం ఎక్కువైనవాళ్లు. అవి చెల్లుతాయి.

మన స్వస్తిక్ ముద్ర తయారీలోనే ఒక తెలివి ఉంది. కాగితం అడ్డంగా మడిస్తే తడి ఇంకు ఇంకో గుర్తు మీద అంటుకుంటుంది, విప్పి చూస్తే ఇద్దరికి వేసినట్టే కనిపిస్తుంది. కానీ అంటుకున్న మరక అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. ముద్ర కొసలు ఎటు తిరిగాయో చూస్తే అసలుదేదో మరకేదో పట్టుకోవచ్చు. ఎండలో, తీరిగ్గా చూస్తే పట్టుకోవచ్చు. రాత్రి ఎనిమిదింటికి ఒక్క ట్యూబులైటు కింద, బయట కేకలు, లోపల ‘మేడం తొందరగా’ అనే పోలీసాయన, ఇంకు అరిగిపోయిన ప్యాడు. ఆ పూట మరకను ముద్ర అనుకుని చెల్లనిదాంట్లో పడేసిన కాగితాలు ఈ రాష్ట్రంలో ఎన్ని ఉంటాయో ఊహించుకోండి.

చదువురానివాళ్ల వల్లే ఇదంతా అనుకునేవాళ్లకు మా కరీంనగర్–మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక గుర్తు చేస్తాను. 2025 ఫిబ్రవరిలో పోలింగ్, మార్చిలో కౌంటింగ్. ఓటర్లంతా డిగ్రీ పాసైనవాళ్లే. పోలైన 2,52,029 ఓట్లలో 28,686 చెల్లలేదు. గెలిచిన అంజిరెడ్డి గారి మెజారిటీ 5,106. ఇచ్చిన స్కెచ్ పెన్నుతో 1, 2, 3 అని అంకెలు వేయాలి, అదీ పరీక్ష. డిగ్రీ చేతిలో ఉండి 1 అంకె సరిగ్గా వేయలేకపోయారని నవ్వుకున్నాం. అయితే మెజారిటీకి అయిదు రెట్లు ఓట్లు పక్కన పడ్డప్పుడు ఓడినవాళ్ల కడుపులో మంట ఎలా ఉంటుందో నవ్వేవాళ్లకు తెలియదు.

అమెరికాలో ఈ గొడవ మనకంటే ముదిరింది. వాళ్లకు ముద్ర లేదు, పెన్నుతో గుండ్రం నింపాలి. 2017లో వర్జీనియా రాష్ట్రంలోని న్యూపోర్ట్ న్యూస్ పట్టణంలో, ఆ రాష్ట్ర ప్రతినిధుల సభ సీటు ఒకదానికి రీకౌంటింగ్ చేస్తే డెమోక్రటిక్ అభ్యర్థి షెల్లీ సైమండ్స్‌కు 11,608, రిపబ్లికన్ డేవిడ్ యాన్సీకి 11,607 వచ్చాయి. ఒక్క ఓటు. మర్నాడు ముగ్గురు జడ్జీల ముందుకు ఒకే ఒక్క బ్యాలెట్ వచ్చింది. ఆ ఓటరు ఇద్దరి గుండ్రాలూ నింపి, సైమండ్స్ గుండ్రం మీద ఒక అడ్డగీత గీశారు. ఆ గీత కొట్టివేతా, చెయ్యి జారిందా? ముందు రోజు రెండు పార్టీల మనుషులూ కలిసే దాన్ని పక్కన పెట్టారు. రాత్రికి రాత్రి ఒకరికి అనుమానం వచ్చి కోర్టుకు ఉత్తరం రాశారు. జడ్జీలు ఓటు యాన్సీకే అన్నారు. 11,608 చొప్పున సమానం. 2018 జనవరి 4న గిన్నెలో చీట్లు వేసి తీస్తే యాన్సీ పేరు వచ్చింది. ఆ చీటీతో వంద మంది సభలో రిపబ్లికన్లకు 51–49 ఆధిక్యం నిలిచింది. ఒక మనిషి గీసిన గీతకు అంత పని పడింది.

అంతకు ముందు 2000లో ఫ్లోరిడా సంగతి అందరికీ తెలిసిందే, 537 ఓట్ల తేడాతో ఆ దేశానికి అధ్యక్షుడు తేలాడు. అక్కడ కార్డుకు చిల్లు పడాలి. సగం ఊడిన ముక్క, వేలాడే ముక్క, కేవలం గుంట పడిన ముక్క, వీటిలో ఏది ఓటో ఒక్కో కౌంటీలో ఒక్కో రకంగా లెక్కపెట్టారు. చివరికి సుప్రీంకోర్టు మళ్లీ లెక్కింపే ఆపేసింది. ఆ రోజుల్లో గెలిచిన బుష్ మనుషులు నిబంధన నిబంధన అన్నారు, ఓడిన గోర్ మనుషులు ఓటరు ఉద్దేశం ఉద్దేశం అన్నారు. అంకెలు అటూ ఇటూ అయ్యుంటే నినాదాలు కూడా అటూ ఇటూ అయ్యేవని మా ఊరి ఇద్దరు ఏజెంట్లను చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇక్కడ మనం మాత్రం తక్కువా? 2024లో ఆంధ్రప్రదేశ్‌లో పోస్టల్ బ్యాలెట్ల మీద జరిగిన రగడ చూశాం. ఉద్యోగులు పోస్టల్ ఓటుతో పాటు పంపే ధ్రువీకరణ పత్రం, అంటే ఫారం 13ఏ మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉండి, సీలో హోదానో లేకపోయినా ఓటు కొట్టేయొద్దని కౌంటింగ్‌కు కొన్ని రోజుల ముందు ఎన్నికల అధికారులు చెప్పారు. ఉద్యోగుల ఓట్లు తమకు రావని లెక్కేసుకున్న వైసీపీ ఇది నిబంధనకు విరుద్ధమని హైకోర్టుకు వెళ్లింది, జూన్ 3న సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనంది. ఆ ఓట్లు తమవే అనుకున్న తెలుగుదేశం వాళ్లు ఉద్యోగి చేయని తప్పుకు ఓటెందుకు పోవాలని వాదించారు. నా మటుకు నాకు రెండో వాదనే సబబనిపిస్తుంది, సీలు వేయాల్సింది అధికారి కాబట్టి. అయితే అదే ఉద్యోగులు అటువైపు మొగ్గి ఉంటే ఎవరు ఏ కోర్టు మెట్లెక్కేవారో అందరికీ తెలుసు. తీరా జూన్ 4న 175 సీట్లలో 164 కూటమికి వచ్చేసరికి ఫారం 13ఏ ఎవరికీ గుర్తు లేదు. 2019లో విజయవాడ సెంట్రల్‌లో లాగా 25 ఓట్ల తేడా వచ్చి ఉంటే ఇప్పటికీ కోర్టులో నలుగుతూ ఉండేది.

ఇవన్నీ ఉద్దేశం గురించిన తగాదాలు, వీటిలో కనీసం వాదనకు చోటుంది. చండీగఢ్‌లో జరిగింది వేరు. 2024 జనవరి 30న అక్కడ మేయర్ ఎన్నిక. మొత్తం ఓట్లు 36. బీజేపీ అభ్యర్థి మనోజ్ సోంకర్‌కు 16, ఆప్–కాంగ్రెస్ ఉమ్మడి అభ్యర్థి కుల్దీప్ కుమార్‌కు 12 అని ప్రకటించి, మిగతా ఎనిమిదీ చెల్లవన్నారు ప్రిసైడింగ్ అధికారి అనిల్ మసీహ్. ఎనిమిదీ ఒకే అభ్యర్థివి. ఆయన బ్యాలెట్ల మీద పెన్నుతో ఏదో గీస్తూ, మధ్యమధ్య కెమెరా వైపు తలెత్తి చూడటం దేశమంతా చూసింది. సుప్రీంకోర్టు ఆ బ్యాలెట్లను ఢిల్లీ తెప్పించుకుని బెంచి మీదే పరిశీలించింది. ఎనిమిదీ చెల్లుతాయని, 20 ఓట్లతో కుల్దీప్ కుమారే మేయరని ఫిబ్రవరి 20న తీర్పు ఇచ్చింది. మూడు వారాల్లో న్యాయం దొరికింది, మంచిదే. దొరకడానికి కారణం మాత్రం గోడకున్న కెమెరా. అది లేకపోతే ఆ గీతలు ఓటు వేసినవాళ్లు గీశారో, లెక్కపెట్టినాయన గీశారో ఎవరు తేల్చగలరు? ఇలాంటి మనిషి నేను కూర్చున్న కుర్చీలో కూర్చుంటే, ఆ ప్రైమరీ స్కూలు గదిలో ఏముంది ఆపడానికి?

ఫలితం ప్రకటించాక కోర్టుకు వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లొచ్చు. హర్యానాలో పానిపట్ జిల్లా బువానా లాఖు అనే ఊరి సర్పంచ్ ఎన్నిక 2022 నవంబరు 2న జరిగింది. ఒక బూత్‌లో ఇద్దరి లెక్క తారుమారైందని గొడవ. కింది కోర్టులన్నీ తిరిగి తిరిగి చివరికి ఈవీఎంలు సుప్రీంకోర్టుకు చేరాయి. 2025 ఆగస్టులో కోర్టు రిజిస్ట్రార్ దగ్గర, ఇరుపక్షాల ముందు, వీడియో తీస్తూ మళ్లీ లెక్కపెడితే ఓడాడన్న మనిషికి 1051, గెలిచాడన్న మనిషికి 1000. ఒక పల్లెటూరి సర్పంచ్ ఓట్లు దేశంలోకెల్లా పెద్ద కోర్టులో లెక్కపెట్టారని సంతోషించాలో, అప్పటికి రెండేళ్ల తొమ్మిది నెలలు వేరే మనిషి ఆ కుర్చీలో ఉన్నాడని ఏడవాలో తెలియదు. మా పక్కనే ధర్మపురి ఉంది. 2018 అసెంబ్లీ ఎన్నికల్లో అక్కడ కొప్పుల ఈశ్వర్ గారు 441 ఓట్లతో గెలిచారు, ఓడిన అడ్లూరి లక్ష్మణ్ కుమార్ గారు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు అడిగిన పత్రాల కోసం 2023 ఏప్రిల్‌లో స్ట్రాంగ్ రూమ్ తెరవబోతే తాళం చెవులు దొరకలేదు. తాళాలు పగలగొట్టించాల్సి వచ్చింది. ఎవరు గెలిచారన్న మాట అటుంచండి, తాళం చెవులే నిలవని చోట నా 23 కాగితాలు ఏ గోనెసంచిలో ఉంటాయి?

కాబట్టి తేల్చాల్సింది ఆ రాత్రే, ఆ గదిలోనే తేలాలి. దానికి కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికల్లో కేంద్ర ఎన్నికల సంఘం ఒక మంచి పద్ధతి పెట్టింది. గెలుపు తేడా, చెల్లవని తీసేసిన పోస్టల్ బ్యాలెట్ల కంటే తక్కువగా ఉంటే, ఆ తీసేసిన వాటినన్నిటినీ ఫలితం ప్రకటించే ముందే మళ్లీ పరిశీలించాలి. ఎవరూ కాగితం రాసి అడగక్కర్లేదు. 2024లో ముంబై నార్త్ వెస్ట్ లోక్‌సభ సీటు 48 ఓట్లతో తేలినప్పుడు చెల్లని పోస్టల్ ఓట్లు 111 ఉంటే వాటిని అలాగే మళ్లీ చూశారు. మొత్తం బ్యాలెట్ కాగితాలతోనే జరిగే సర్పంచ్ ఎన్నికకు ఈ పద్ధతి ఇంకా ఎక్కువ అవసరం. నేను చేసిన డ్యూటీల్లో ఎక్కడా ఇది తనంతట తాను జరగడం చూడలేదు. తేడా కంటే చెల్లనివి ఎక్కువుంటే చెల్లని ట్రే మొత్తం మళ్లీ తెరవాలి, అభ్యర్థి అడిగినా అడగకపోయినా. నా ఊళ్లో తేడా 6, చెల్లనివి 23. తెరవాలి.

తెరిచినప్పుడు చూసేది నేను కాకూడదు. ఇది ముఖ్యం. ఒకసారి చెల్లదని సంతకం పెట్టిన మనిషిని మళ్లీ చూడమంటే తన సంతకాన్నే కాపాడుకుంటుంది, నేనైనా అంతే. ఆ రోజు జీపులో తిరిగే జోనల్ అధికారి ఉంటారు, మండలంలో ఎంపీడీవో ఉంటారు. వాళ్లలో ఒకరు వచ్చి కూర్చుని, ఏజెంట్లకు ఒక్కో కాగితం చూపిస్తూ (చేతికి ఇవ్వకుండా), ఎందుకు చెల్లదో చదివి వినిపించాలి. చెల్లని ప్రతి బ్యాలెట్ మీద కారణం పొడి అక్షరాల్లో రాసి సంతకం చేయాలని నిబంధన ఎప్పటి నుంచో ఉంది. ఆచరణలో నేను చూసింది, కట్ట పైన ‘చెల్లనివి’ అని ఒక చీటీ పెట్టి రబ్బరు బ్యాండు వేసేయడం. ఇది ఎవరినో తప్పుపట్టడానికి కాదు. తెల్లారుజామున సామాను మోసుకొచ్చి, మధ్యాహ్నం అన్నం తినీ తినక, చీకట్లో ఉప సర్పంచ్ ఎన్నిక కోసం వార్డు మెంబర్లు కిటికీలోంచి పిలుస్తుంటే, ఇరవై మూడు కాగితాల మీద ఇరవై మూడు కారణాలు రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఉప సర్పంచ్ ఎన్నిక మర్నాడు పొద్దున పెట్టుకుంటే ఆకాశం ఊడి పడదు. ఆ ఒక్క మార్పుతో ఆర్వోకు గంట టైము దొరుకుతుంది.

ఓటు రహస్యం పోతుందేమో అని ఒక తోటి టీచరు సందేహం వెలిబుచ్చారు. టేబుల్ మీద ఒక కెమెరా ఉండాలి, ఆ వీడియో బయటికి పోకూడదు. సీలు వేసి బ్యాలెట్లతో పాటు ట్రెజరీకి పంపాలి, ఎన్నికల ట్రిబ్యునల్ అడిగితేనే తెరవాలి. వేలిముద్రలు అందులో ఉంటాయి కాబట్టి ఈ జాగ్రత్త తప్పదు. చెల్లని కాగితాలను వాట్సాప్‌లో పెట్టే సరదా మనవాళ్లకు ఎంత ఉందో చెప్పక్కర్లేదు.

పార్టీలకు కూడా ఒక మాట. కౌంటింగ్‌కు ఏజెంటును పంపేటప్పుడు గొంతు పెద్దదున్న మనిషిని పంపుతున్నారు. కళ్లు బాగా కనిపించే మనిషిని, మడత మరకకూ ముద్రకూ తేడా తెలిసిన మనిషిని పంపండి. రీకౌంటింగ్ కాగితం రాసేటప్పుడు ‘చెల్లనివిగా తీసేసిన ఓట్లను మళ్లీ పరిశీలించాలి’ అని ఒక వాక్యం కూడా రాయండి. ఆ వాక్యం లేక కట్టలు మళ్లీ లెక్కపెట్టించుకుని ఇంటికి పోయిన అభ్యర్థులను చూశాను.

చివరగా చిన్న చిన్నవి. పోలింగ్‌కు రెండు రోజుల ముందు వీధి కొళాయి దగ్గర చాటింపు వేయించేటప్పుడు ‘లోపల వేలు పెట్టొద్దు, ముద్రే వేయాలి’ అని కూడా చెప్పించండి. కౌంటర్‌ఫాయిల్ టేబుల్ దగ్గర ఒక తడి గుడ్డ పెట్టి, వేలిముద్ర వేసినవాళ్ల వేలు తుడిచి లోపలికి పంపండి. మా సామాను సంచిలో వచ్చే ఇంకు ప్యాడ్లు పదకొండింటికల్లా ఎండిపోతున్నాయి, నీళ్లు చల్లితే ముద్ర పాకిపోతోంది. ఈసారి బూత్‌కు రెండు ప్యాడ్లు ఇప్పించగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
కరీంనగర్ జిల్లా
(నా పేరు ప్రచురించవద్దని మనవి. డ్యూటీ చేసిన ఊరు తెలిసిపోతుంది.)